కాలేజీ పాత ఫోటోల పెట్టె దొరికింది, ఈ ఇల్లు ఏదో ఎలా కనిపెట్టాలి?

పెట్టె_తెరిచాను:

నమస్తే అండీ. నేను ఒక చిన్న కాలేజీ లైబ్రరీలో పార్ట్‌టైం పని చేస్తున్నా. ఈ కాలేజీ చుట్టూ ఒకప్పుడు పెద్ద పెద్ద ఎస్టేట్లు ఉండేవి, వాటిలో కొన్ని తర్వాత కాలేజీలోనే కలిశాయి, కొన్ని ముక్కలై అమ్ముడుపోయాయి. మొన్న స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తుంటే బీరువా వెనక రెండు పెట్టెలు బయటపడ్డాయి. ఒకదాంట్లో కాగితం మీద ప్రింట్ వేసిన ఫోటోలు 140 దాకా, రెండోదాంట్లో గాజు నెగటివ్‌లు 30 పైన. "ఏది ఎప్పటిదో, ఏ ఎస్టేట్‌దో రాసి స్కాన్ చేసి పెట్టు" అని నా చేతిలో పెట్టేశారు. ఫోటోల విషయంలో నాకు ఓనమాలు కూడా రావు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

చాలావాటికి వెనక ఏమీ రాసి లేదు. కొన్నిటి వెనక నీలం బాల్‌పెన్‌తో "పెద్ద ఇల్లు, 1885?" లాంటివి ఉన్నాయి, ఆ ప్రశ్నార్థకం చూస్తేనే నాకు అనుమానం.

అన్నిటికన్నా ఎక్కువ తల తినేస్తున్నది ఒక ఇల్లు. రెండంతస్తులు, ముందు స్తంభాల వరండా, ఎడమ వైపు లావుపాటి పొగగొట్టం, గోడ మీద తీగ ఇంకా కింది కిటికీ దాకానే పాకింది. పచ్చిక మీద ఐదుగురు నిలబడి ఉన్నారు, వాళ్ల కాళ్ల దగ్గర కుక్క, దాని తల మాత్రం పొగలా చెదిరిపోయింది. మెట్లకి ఒక సైకిల్ ఆనించి ఉంది. ఇప్పుడు మిగిలి ఉన్న ఎస్టేట్ ఇళ్లన్నీ తిరిగి చూశాను, ఏదీ సరిపోలేదు. ఒకటి కాస్త పోలికగా ఉంది కానీ దానికి పొగగొట్టం కుడివైపు ఉంది. మా సీనియర్ ఒకాయన "అది ఎప్పుడో పడగొట్టిన ఇల్లు అయ్యుంటుంది, వదిలెయ్" అంటున్నారు. వదలబుద్ధి కావట్లేదు.

ప్రస్తుతానికి భవనాలు ఒకవైపు, ఆటలు ఒకవైపు, మనుషులు ఒకవైపు అని కుప్పలు పోయడం మొదలుపెట్టా. సరైన పద్ధతేనా?

గాజుపలక:

ముందు ఆ కుప్పలు ఆపండి దయచేసి! నిజంగా చెప్తున్నా, ఇంకో ఫోటో కూడా కదపకండి. పెట్టెలో ఏ కవర్ పక్కన ఏ కవర్ ఉంది, ఏ ఫోటో మీద ఏ ఫోటో ఉంది అన్నదే సగం సమాచారం, ఎందుకంటే ఒకే రోజు తీసినవి, ఒకే ఇంటి నుంచి వచ్చినవి సాధారణంగా ఒకచోటే ఉంటాయి, పేరు లేని ఫోటోకి పక్కన ఉన్న పేరున్న ఫోటోయే సాక్షి. ఇప్పటిదాకా విడదీసినవి గుర్తున్నంత వరకు వెనక్కి పెట్టండి. మిగిలిన పెట్టెని పొరపొరకీ ఫోన్‌తో ఫోటో తీసుకుని, పైనుంచి కిందకి వరస నంబర్లు ఇవ్వండి. భవనాలు, ఆటలు లాంటి విభజన కంప్యూటర్‌లో ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు, చెదిరిన పెట్టెని మాత్రం మళ్లీ పేర్చలేం.

ఆ బాల్‌పెన్ రాత గురించి. బాల్‌పెన్నులు మామూలు జనం చేతికి వచ్చిందే 1940లలో. అంటే 1885 అని రాసిన మనిషి ఆ సంగతి కనీసం అరవై ఏళ్ల తర్వాత రాశాడు, ఎవరో చెప్పింది విని రాసి ఉంటాడు లేదా ఊహించి రాసి ఉంటాడు. దాన్ని పారేయకండి, "వెనక ఇలా రాసి ఉంది" అని వివరాల్లో ఎక్కించండి, కానీ తేదీ గడిలో మాత్రం పెట్టకండి.

ఫోటో వయసు ముందు కాగితాన్ని అడగాలి, బొమ్మని తర్వాత. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి సంపాదించండి. పల్చటి కాగితం దళసరి అట్టకి అంటించి, రంగు ఊదా కలిసిన గోధుమలో ఉండి, తెల్లటి భాగాలు పసుపెక్కి, భూతద్దంలో కాగితం పీచు కనపడుతుంటే అది ఆల్బుమెన్ ప్రింట్, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. 1850లో వచ్చిన పద్ధతి, 1890ల మధ్య దాకా రాజ్యమేలింది. పీచు కనపడకుండా పైన నున్నటి పొర ఉండి, వెలుతురులో కాస్త వంచి చూస్తే నల్లటి చోట్ల అద్దంలా వెండి మెరుపు తేలుతుంటే జెలటిన్ సిల్వర్ ప్రింట్, అంటే జెలటిన్ పొరలో వెండితో బొమ్మ ఏర్పడ్డ కాగితం, అది దాదాపుగా ఆ తర్వాతి కాలానిది. అల్ట్రా వయొలెట్ టార్చ్ కింద కాగితం నీలం తెలుపుగా భగ్గున వెలిగితే అది 1950ల తర్వాతి కాగితం, ఎందుకంటే కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనాలు ఫోటో పేపర్లలో కలపడం అప్పుడు మొదలైంది. వెలగకపోతే మాత్రం పాతదే అని ఖాయం చేసుకోవద్దు, కలపని కాగితాలూ ఉన్నాయి.

ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. ప్రింట్ వయసు వేరు, బొమ్మ వయసు వేరు. 1890లో తీసిన గాజు నెగటివ్ నుంచి 1960లో కూడా ప్రింట్ వేసుకోవచ్చు, కాలేజీలు ఉత్సవాలప్పుడు అదే పని చేస్తాయి.

పెట్టెలో గుండ్రటి ఫోటోలు ఏమైనా ఉన్నాయా? ఉంటే చెప్పండి. 1888లో వచ్చిన మొదటి కొడాక్ కెమెరా రెండున్నర అంగుళాల గుండ్రటి బొమ్మలే తీసేది, ఒక రోల్‌కి వంద. తీయడం అయ్యాక కెమెరా మొత్తం కంపెనీకి పంపేస్తే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్మ్ ఎక్కించి తిరిగి పంపేవాళ్లు. డబ్బున్న ఎస్టేట్ కుటుంబాల దగ్గర అలాంటివి బాగా దొరుకుతాయి.

చెట్టునీడ:

ఒక చిన్న ప్రశ్న. ఆ ఇంటి బొమ్మ గాజు నెగటివ్ నుంచి స్కాన్ చేసిందా? అయితే ఏ పక్క కిందకి పెట్టి స్కాన్ చేశారు, మెరిసే పక్కా, మసక పక్కా? పచ్చిక మీద ఉన్న మగవాళ్ల కోటు గుండీలు ఏ వైపు ఉన్నాయో పెద్దది చేసి చూడండి.

పెట్టె_తెరిచాను:

గాజుదే అండీ. మసక పక్క కిందకి పెట్టాను, బొమ్మ ఉన్నది ఆ పక్కే కదా, స్కానర్‌కి దగ్గరగా ఉంటే స్పష్టంగా వస్తుందని. గుండీలు ఇప్పుడే చూశా... ఐదుగురిలో ముగ్గురు మగవాళ్లు, ముగ్గురికీ కోటు కుడి అంచు ఎడమ అంచు మీదకి వచ్చింది. ఆడవాళ్ల కోట్లలా.

అయ్యో. అంటే మొత్తం తిరగబడిందా?

చెట్టునీడ:

అంతే. అద్దంలో చూసిన ఇల్లు అది. గాజు ప్లేట్‌లో బొమ్మ ఉన్న పొర మసకగా ఉండే ఎమల్షన్ వైపు ఉంటుంది, మెరిసే గాజు వైపు నుంచి చూస్తేనే కుడి ఎడమలు సరిగ్గా కనపడతాయి. మీరు స్కానర్ కంటికి మసక వైపు చూపించారు, అది చూసింది చూసినట్టు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా తిప్పండి, పొగగొట్టం కుడివైపుకి వస్తుంది.

ఇంకో మాట, ఎమల్షన్‌ని స్కానర్ అద్దానికి ఆనించకండి, పొర ఎక్కడైనా లేచి ఉంటే ఊడి వచ్చేస్తుంది. మెరిసే వైపు కిందకి పెడితే పొర క్షేమం, బొమ్మ కూడా తిన్నగా వస్తుంది.

రేకు మీద తీసిన టిన్‌టైప్‌లు కూడా ఉంటే వాటిలో బొమ్మ పుట్టుకతోనే తిరగబడి ఉంటుంది, అవి మీ తప్పు కాదు :)

పెట్టె_తెరిచాను:

తిప్పాను. చెట్టునీడ గారూ, మీకు దండం. అదే ఇల్లు! పొగగొట్టం కుడివైపు, వరండా స్తంభాలు ఆరూ లెక్క సరిపోయాయి, పై అంతస్తులో మూడో కిటికీ మిగతావాటికన్నా కాస్త సన్నంగా ఉండటం కూడా. రోజూ దాని ముందు నుంచే నడుస్తా, ఇప్పుడది ఆఫీసు భవనం. మా సీనియర్‌కి ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నా. మిగతా 30 ప్లేట్లూ మళ్లీ స్కాన్ చేయాలి, అది తలుచుకుంటేనే నీరసం వస్తోంది.

గాజుపలక:

మళ్లీ ఎందుకు, కంప్యూటర్‌లో తిప్పేసుకోండి చాలు. కాకపోతే ఏవి తిప్పారో ఎక్కడో రాసి పెట్టండి, లేకపోతే రేపు ఇంకెవరో వచ్చి మళ్లీ తిప్పేస్తారు.

పాతబాట:

నేను ఒక కాలేజీ ఆర్కైవ్స్‌లో చాలాకాలం పని చేశాను, తేదీ సంగతి నేను అందుకుంటా. సైకిల్ రెండు చక్రాలూ ఒకే సైజులో ఉన్నాయా? ఉంటే 1885కి ముందు కాదు, అలాంటి సైకిల్ బాగా అమ్ముడవడం ఆ ఏడు మొదలైంది, అంతకుముందు వాడుకలో ఉన్న సైకిళ్లకి ముందు చక్రం వెనకదానికన్నా చాలా పెద్దదిగా ఉండేది. టైర్లు లావుగా గాలి నింపినట్టుంటే ఇంకా తర్వాతది, డన్‌లప్ గాలి టైరుకి పేటెంట్ వచ్చిందే 1888లో. ఇక ఆడవాళ్ల భుజాలు చూడండి. చేతులు భుజం దగ్గర బుడగలా ఉబ్బి మోచేతి కింద బిగుతుగా ఉన్నాయా? ఆ ఫ్యాషన్ 1890ల మొదట్లో పెరిగి 1895 చుట్టుపక్కల పతాక స్థాయికి వెళ్లి, 1897 కల్లా గాలి తీసేసినట్టు పడిపోయింది. ఫ్యాషన్ ఒక్కదాన్నే నమ్మి తేదీ వేయకూడదు, ముసలివాళ్లు పదేళ్ల కిందటి బట్టలే వేసుకుంటారు. గుంపులో అందరికన్నా చిన్న వయసు అమ్మాయి వేసుకున్నదే చూడాలి.

ప్లేట్ అంచులు కూడా చూడండి. పొర అంచుల దాకా సమానంగా ఉంటే ఫ్యాక్టరీలో చేసిన డ్రై ప్లేట్, అంటే దాదాపు 1880 తర్వాతది. పొర ఒలికినట్టు వంకరగా ఉండి ఒక మూల వేలితో పట్టుకున్న ఖాళీ మచ్చ ఉంటే వెట్ ప్లేట్, ఆర్చర్ అనే ఆయన 1851లో ప్రకటించిన పద్ధతి, తడి ఆరకముందే తీసి కడిగేయాలి కాబట్టి ఫోటోగ్రాఫర్ చీకటి గుడారం కూడా మోసుకు తిరిగేవాడు.

ఎస్టేట్ ఫోటోల్లో నన్ను బాగా ముప్పుతిప్పలు పెట్టేది ఇళ్ల పేర్లు. కాలేజీ పక్కన ఎస్టేట్ ఎలా మారుతూ వస్తుందో అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న బార్డ్ కాలేజీని చూస్తే తెలుస్తుంది. అక్కడ బ్లిత్‌వుడ్ అని ఎస్టేట్ ఉండేది. 1853లో బార్డ్ దంపతులు అది కొని ఆనండేల్ అని పేరు మార్చారు, 1860లో అక్కడే సెయింట్ స్టీఫెన్స్ అనే కాలేజీ పెట్టారు. 1899లో జాబ్రిస్కీ అనే ఆయన ఎస్టేట్ కొని మళ్లీ బ్లిత్‌వుడ్ అన్న పాత పేరే పెట్టి, పాత ఇల్లు తీసేసి కొత్త భవంతి కట్టించాడు. 1951లో ఆయన కొడుకు దాన్ని కాలేజీకే ఇచ్చేశాడు. ఇప్పుడు చెప్పండి, ఒక ఫోటో వెనక "బ్లిత్‌వుడ్" అని ఒక్క మాట రాసి ఉంటే అది ఏ ఇల్లు? రెండు వేర్వేరు ఇళ్లు, పేరు ఒకటి. అదే ఇంటికి మధ్యలో ఇంకో పేరు.

కానీ పేర్లు మారడం ఒక్కోసారి మన పని తేలిక కూడా చేస్తుంది. ఆ కాలేజీ 1934లో పేరు మార్చుకుని బార్డ్ అయింది, కాబట్టి సెయింట్ స్టీఫెన్స్ అని రాసిన అట్ట 1934కి ముందుదని అనుకోవచ్చు (పాత అట్టలు మిగిలిపోయి వాడుకుని ఉంటే తప్ప, పొదుపు ఎక్కడైనా పొదుపే). మీ కాలేజీ, ఎస్టేట్లు ఎప్పుడెప్పుడు పేరు మార్చుకున్నాయో ముందు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. సగం ఫోటోలు దాంతోనే తేలతాయి.

మ్యాపులు కూడా. మీది అమెరికా అయితే సాన్‌బోర్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు చూడండి, ఇటుక కట్టడం గులాబీ, చెక్క పసుపు, రాయి నీలం రంగులో వేసి ఉంటాయి, కానీ అవి ఎక్కువగా పట్టణాలకే, దూరంగా ఉన్న ఎస్టేట్ల దాకా రావు. ఎస్టేట్లకి మంచివి 1930ల రెండో సగం నుంచి అక్కడి వ్యవసాయ శాఖ విమానంలోంచి తీయించిన ఫోటోలు. పంటల లెక్క కోసం తీసినవే, కానీ కూల్చేసిన గ్రీన్‌హౌస్‌లు, గుర్రపుశాలలు, పాత బండి దారులు అన్నీ పైనుంచి కనపడతాయి.

మెరుపు22:

ఇంత కష్టం ఎందుకు బ్రో, ఏఐలో వేస్తే మొహాలు క్లియర్ చేసి రంగులు కూడా వేసి ఇస్తుంది. కుక్క తల కూడా వచ్చేస్తుంది.

పాతబాట:

వస్తుంది, కానీ ఆ కుక్కది కాదు. చెదిరిన చోట యంత్రం తనకి తెలిసిన వేల కుక్కల్లోంచి ఒక తల తెచ్చి అతికిస్తుంది. మనుషుల మొహాలకీ అంతే. రేపు ఎవరో మనవరాలు వచ్చి "ఇదే మా ముత్తాత మొహం" అని ప్రింట్ తీసుకుని వెళ్తుంది, అది ఎవరి మొహమో దేవుడికే తెలియాలి. సరదాకి ఇంట్లో చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, ఆర్కైవ్ ఫైల్‌లో మాత్రం వద్దు.

మెరుపు22:

ఓకే ఓకే, అర్థమైంది, కొట్టకండి 😅

గాజుపలక:

స్కానింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి గబగబా చెప్పేస్తా. ప్రింట్లకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫైల్, దాన్ని ముట్టుకోకుండా దాచి, చూపించడానికి విడిగా జేపెగ్. వెనక వైపు కూడా స్కాన్ చేయండి, ఖాళీగా ఉన్నా సరే, స్టూడియో ముద్ర మసకగా ఉంటే కంటికి కనపడనిది స్కాన్‌లో తేలుతుంది. ఫోటో మీద బాల్‌పెన్ వద్దు, స్టిక్కర్ వద్దు, పేపర్ క్లిప్ అసలే వద్దు. నంబర్ వేయాలంటే మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున, గట్టిగా నొక్కకుండా. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కాటన్‌వి గాజు మీద జారతాయి, ప్లేట్ కింద పడితే ఇక అంతే సంగతులు. గాజు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా విడివిడి కాగితం కవర్లలో పొడవు అంచు మీద నిలబెట్టండి, పెట్టె సగమే నింపండి, గాజు చాలా బరువు.

ఒక్క విషయం మాత్రం సీరియస్‌గా తీసుకోండి. గాజు కాకుండా వంగే ఫిల్మ్ నెగటివ్‌లు ఏమైనా ఉండి, అంచున "సేఫ్టీ" అని లేకుండా, పసుపెక్కి, జిగురుగా, ఘాటైన వాసన వస్తుంటే అవి నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు. అది మండితే నీళ్లు పోసినా ఆరదు, మంటకి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. స్కానర్‌లో పెట్టకండి, వేడి తగలనివ్వకండి, వెంటనే మీ పైవాళ్లకి చెప్పండి. వెనిగర్ వాసన వస్తే అది వేరే జబ్బు, అసిటేట్ ఫిల్మ్ కుళ్లిపోవడం, మంట భయం లేదు కానీ మిగతావాటికి అంటకుండా విడిగా పెట్టాలి.

చెట్టునీడ:

పొడుగాటి చుట్ట ఫోటోలు, కాలేజీ మొత్తం వరసగా నిలబడినవి, ఉంటే రెండు చివరలూ తప్పకుండా చూడండి. 1904లో పేటెంట్ అయిన సర్కట్ కెమెరా మెల్లగా ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో తిరుగుతూ తీసేది. మొదటి చివర నిలబడ్డ కుర్రాడు వెనక నుంచి పరిగెత్తుకెళ్లి రెండో చివర మళ్లీ నిలబడొచ్చు. మనుషుల్ని లెక్కపెట్టి ఆ ఏడాది విద్యార్థుల సంఖ్య రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. చుట్టని బలవంతంగా విప్పకండి, విరిగిపోతుంది.

పెట్టె_తెరిచాను:

వారం తర్వాత వచ్చా. చుట్టలు లేవు, గుండ్రటివి నాలుగు ఉన్నాయి! నైట్రేట్ అనుమానం ఉన్న ఒక కవర్ విడిగా పెట్టించాను, చూడటానికి ఒక నిపుణుడు వస్తున్నారు.

ఇంటి ఫోటో: ప్లేట్ అంచులు సమానంగా ఉన్నాయి, సైకిల్ చక్రాలు రెండూ ఒకటే, టైర్లు లావుగానే ఉన్నాయి, చిన్నమ్మాయి భుజాలు బుడగలే. వివరాల్లో "సుమారు 1893-97" అని రాసి, పక్కన ఎందుకో కూడా రాశాను. బాల్‌పెన్ 1885ని కింద గమనికగా పెట్టాను. సీనియర్ గారు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "కిటికీ సన్నంగా ఉందని ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడలేదే" అన్నారు, అంతకుమించి ఏమీ అనలేదు.

కుప్పలు తీసేసి పాత వరస పెట్టడం వల్ల ఇంకోటి బయటపడింది. ఆ ప్లేట్‌కి రెండు కవర్ల అవతల ఇంకో ప్లేట్, అదే పచ్చిక, అదే కుక్క, ఈసారి తల కదల్చలేదు, ఒక చెవి మడతపడి ఉంది. దాని పక్కన పచ్చికని చదును చేసే రాతి రోలర్ పిడి పట్టుకుని ఒక మనిషి, చొక్కా చేతులు మడిచి, ఎడమ బూటుకి తాడు కట్టుకుని. కవర్ మీద అప్పటి సిరాతో కుక్క పేరు రాసి ఉంది. మనిషి పేరు లేదు.

పాతబాట:

తోటమాలి అయ్యుంటాడు. కవర్ల మీద వాళ్ల పేర్లు ఉండవండీ, గుర్రాలకి కూడా ఉంటాయి. జీతాల పుస్తకాల్లో ఉంటాయి. ఎస్టేట్ కాగితాలు కాలేజీకి వచ్చినప్పుడు లెక్కల పుస్తకాలు కూడా వచ్చాయేమో అడగండి, 1893 నుంచి 97 దాకా తోట పనికి ఎవరెవరికి ఎంత ఇచ్చారో వారం వారం రాసి ఉంటుంది. ఒక్కడే ఉంటే మీ అదృష్టం.

పెట్టె_తెరిచాను:

అడిగాను. బేస్‌మెంట్‌లో పదకొండు పుస్తకాలు ఉన్నాయట. సోమవారం తాళం తీస్తామన్నారు.